సంచి ఆఖర్న కొనండి: బెంగళూరు నుంచి సైకిల్ మీద ఊరెళ్లేవాళ్లకి

సైకిల్‌కి కట్టే సంచులు చూడటానికి దుకాణానికి వెళ్లేముందు ఒక పని చేయండి. హాల్లో నేల మీద పాత దుప్పటి పరిచి, ప్రయాణంలో మీ వెంట ఉండాలనుకున్న వస్తువులన్నీ దాని మీద పెట్టండి. బట్టలు, పడక, పంక్చర్ సామాను, ఛార్జర్, మందులు, సబ్బు, అన్నీ. మనసులో లెక్క వేసుకుంటే చాలదు, కళ్లకి కనిపించాలి. వంటింట్లో వాడే చిన్న కాటా తెచ్చుకుని ఒక్కొక్కటీ తూచి, బరువు కాగితం మీద రాయండి. నీళ్లు, తిండి కాకుండా మొత్తం పది కిలోలు దాటితే ఎంత మంచి సంచులు కొన్నా ఆ ప్రయాణంలో సుఖం ఉండదు.

మొదటిసారి నేను ముందు సంచులు కొన్నాను. సీటు వెనక 16 లీటర్లది, హ్యాండిల్‌కి 14 లీటర్లది. చోటు ఉంది కదా అని రెండో స్వెట్టరు పెట్టాను, స్టవ్ పెట్టాను, చదువుకోవడానికి ఒక లావుపాటి పుస్తకం పెట్టాను. మూడు రోజుల్లో వాటిలో ఒక్కటి కూడా బయటికి తీయలేదు. సంచి ఎంత ఉంటే సామాను అంత పెరుగుతుంది. అందుకే ముందు సామాను తేల్చుకోండి, తర్వాత సైకిల్‌ని కొలవండి, ఆ రెండూ అయ్యాకే సంచి కొనండి అంటున్నాను.

ఉదాహరణకి నాకు బాగా అలవాటైన దారి చెప్తాను. యలహంక, దొడ్డబళ్లాపుర, గౌరిబిదనూరు, హిందూపురం, అక్కణ్ణుంచి లేపాక్షి. మొత్తం 120 కిలోమీటర్ల దాకా ఉంటుంది. గట్టిగా తొక్కేవాళ్లు ఒక్క రోజులో చేరిపోతారు. నేను పెద్ద రోడ్డు వదిలి, చెరువుగట్లు, మట్టిదారులు పట్టుకుని, మధ్యలో తెలిసినవాళ్ల తోటలో ఒక రాత్రి పడుకుని మర్నాడు చేరతాను. ఈ దారిలో గమనించాల్సిన సంగతి ఒకటుంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, హిందూపురం 620 దగ్గర. వెళ్లేటప్పుడు మొత్తం మీద దిగుడే కాబట్టి బరువు పెద్దగా తెలియదు. తిరిగొచ్చేటప్పుడు ప్రతి కిలో తెలుస్తుంది. మనిషి, సైకిల్, సామాను కలిపి 100 కిలోలు అనుకుంటే, ఇంకో 5 కిలోలు పెంచితే ఎక్కుడులో 5 శాతం ఎక్కువ కష్టపడాలి. అలసిపోయిన మూడో రోజు మధ్యాహ్నం ఆ 5 శాతం చాలా పెద్దది.

తూచాక ఏం తీసేయాలి

ఇంటర్నెట్‌లో దొరికే సామాను జాబితాల్లో చాలావరకు మన దారుల కోసం రాసినవి కావు. ఉదాహరణకి టూర్ డివైడ్ అనే పోటీ కెనడాలోని బాన్ఫ్‌లో మొదలై అమెరికా, మెక్సికో సరిహద్దు దాకా దాదాపు 4,400 కిలోమీటర్లు కొండల్లోంచి సాగుతుంది. ఊరికీ ఊరికీ మధ్య చాలా దూరం ఉండే దారి అది. అలాంటి చోట తొక్కేవాళ్లకి కావలసినవన్నీ మనమూ మోస్తే ఎలా? మన దారిలో పది కిలోమీటర్లకి ఒక టీ కొట్టు ఉంటుంది. కాస్త పెద్ద ఊరైతే పొద్దున ఇడ్లీ, చిత్రాన్నం, మధ్యాహ్నం రాగి ముద్ద దొరుకుతాయి. స్టవ్, గ్యాస్, గిన్నెలు అన్నీ తీసేయండి. అక్కడే సుమారు ఒక కిలో తగ్గుతుంది. తిండి కింద రెండు వేరుశెనగ చిక్కీలు, గుప్పెడు ఖర్జూరాలు, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు చాలు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ సరిగ్గా ఒక లీటరు నీళ్లకి అని గుర్తుంచుకోండి. సీసా చిన్నదని సగం నీళ్లలోనే మొత్తం కలిపేయకూడదు.

బట్టల్లో రెండు జతలు మించొద్దు. తొక్కేటప్పుడు ఒకటి, దిగాక ఒకటి. తొక్కే బట్టలు సాయంత్రం ఉతికి పిండి ఆరేస్తే, సింథటిక్‌వి కాబట్టి తెల్లారేసరికి ఆరిపోతాయి. కాటన్ టీషర్టు, జీన్స్ ఆరవు, పైగా బరువు. కాటన్‌లో నేను పెట్టుకునేది ఒక్కటే, లుంగీ. నా లుంగీ 260 గ్రాములు. స్నానానికి తువ్వాలు, బట్టలు మార్చుకోవడానికి తెర, వేసవి రాత్రి దుప్పటి, లేపాక్షి గుళ్లోకి వెళ్లేటప్పుడు షార్ట్స్ మీద కట్టుకోవడానికి పంచె, అన్నీ అదే. ఒక వస్తువు మూడు పనులు చేస్తుందంటే దాన్ని ఉంచండి. ఒకే పని చేసేదాన్ని, ఆ పని కూడా అనుమానంగా ఉన్నదాన్ని, తీసేయండి.

బరువు తగ్గించే ఉత్సాహంలో తీసేయకూడనివి కూడా ఉన్నాయి. రిపేరు సామాను మీద చేయి వేయకండి. మల్టీటూల్, రెండు ట్యూబులు, టైరు లీవర్లు, ప్యాచులు, పంపు, చైన్ విప్పే పరికరం, తెగిన చైన్‌ని కలపడానికి దానికి సరిపడే క్విక్ లింక్, కొన్ని జిప్ టైలు. గేర్లున్న సైకిల్ అయితే మీ ఫ్రేముకి సరిపోయే డెరైలర్ హ్యాంగర్ (వెనక గేర్లు మార్చే భాగాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న ముక్క) ఒకటి తప్పకుండా పెట్టుకోండి. అది ఒక్కో మోడల్‌కి ఒక్కో ఆకారంలో ఉంటుంది, విరిగితే దారిలో ఏ కొట్లోనూ దొరకదు. ట్యూబులు రెండెందుకంటే, మన మట్టిదారుల్లో పల్లేరుకాయలు ఉంటాయి. చిన్నప్పుడు చెప్పుల్లేకుండా తిరిగినవాళ్లకి దాని సంగతి చెప్పక్కర్లేదు. ఎలా పడ్డా ఒక ముల్లు పైకే ఉంటుంది. ఒక్కసారి పక్కకి దిగితే రెండు టైర్లూ ఒకేసారి పోతాయి. పంక్చర్ అతికించాక టైరు లోపలి వైపు వేళ్లతో మెల్లగా తడిమి చూడండి. విరిగిన ముల్లు మొన అక్కడే మిగిలి ఉంటుంది.

పడక

అన్నిటికంటే ఎక్కువ చోటు తినేది ఇదే కాబట్టి కాస్త నిదానంగా ఆలోచించండి. మొదటి ప్రయాణానికైతే లాడ్జిలోనో బంధువుల ఇంట్లోనో పడుకోండి. పడక లేకపోతే మొత్తం సామాను 3, 4 కిలోల్లో అయిపోతుంది, రెండు చిన్న సంచులు చాలు. ఆ సుఖం ఎలా ఉంటుందో ఒకసారి చూశాక ఆరుబయట పడుకునే సంగతి ఆలోచించొచ్చు.

ఆరుబయట అయితే, కొందరు బరువు తగ్గుతుందని టార్పాలిన్ లాంటి పరదా ఒక్కటే కట్టుకుంటారు. మన పొలాల్లో అది నాకు ఇష్టం లేదు. దోమలు, తేళ్లు, పాములు ఉండే చోట అడుగున గుడ్డ, చుట్టూ వల ఉండి జిప్ వేసుకునే టెంటే కావాలి. ఒక మనిషి టెంటు 1.2 నుంచి 1.5 కిలోల్లో దొరుకుతుంది. సంతలో కనిపించే చవకరకం ఇద్దరి డోమ్ టెంటు రెండున్నర, మూడు కిలోలు ఉంటుంది. కొనేటప్పుడు బరువుతో పాటు కడ్డీలు మడిస్తే ఎంత పొడవుంటాయో చూడండి. 45 సెంటీమీటర్లు ఉంటే రేసు సైకిళ్లకి ఉండేలాంటి కిందికి వంగిన హ్యాండిల్ మధ్య పట్టవు. అప్పుడు కడ్డీల్ని విడిగా ఫ్రేముకి కట్టుకోవాలి.

అటవీ భూముల్లో అనుమతి లేకుండా టెంటు వేయకూడదు. తోట అయినా, పొలం అయినా, చీకటి పడకముందే యజమానిని అడగండి. "అన్నా, ఈ రాత్రికి ఇక్కడ పడుకుని పొద్దున్నే వెళ్లిపోతాను" అంటే కాదన్నవాళ్లు నాకు చాలా తక్కువ. దొడ్డబళ్లాపుర, గౌరిబిదనూరు పక్క పల్లెల్లో కన్నడంతో పాటు తెలుగు కూడా చాలామంది మాట్లాడతారు కాబట్టి భాషకి ఇబ్బంది లేదు.

పరుపు గాలి నింపేదైతే చిన్నగా మడుచుకుంటుంది, కానీ ముల్లు తగిలితే ఆ రాత్రి నేలే గతి. నురుగు పరుపు 400 గ్రాములే ఉంటుంది, ముల్లుకి భయపడదు, కానీ లావుగా చుట్టుకుని హ్యాండిల్ మీద చోటంతా తీసుకుంటుంది. నేను చాలాసార్లు రెండూ చూసి నురుగుదే తీసుకున్నాను, మోకాళ్ల కిందికి వచ్చే భాగం కోసేసి. కాళ్ల కింద ఖాళీ సంచి పెట్టుకుంటే సరిపోతుంది. స్లీపింగ్ బ్యాగు మీద రెండు మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. కంఫర్ట్ అన్న అంకె చూడండి. ఎక్స్‌ట్రీమ్ అన్నది ప్రాణం నిలబడే హద్దు, నిద్ర పట్టే హద్దు కాదు. మన వైపు ఏడాదిలో ఎక్కువ రోజులకి కంఫర్ట్ 15 డిగ్రీలది చాలు. డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున పొలాల్లో చలి నగరంలో కంటే ఎక్కువ, అప్పుడు ఒంటి మీద ఒక స్వెట్టరు వేసుకుని పడుకోండి. ఈకలు నింపినవి తేలిక, కానీ తడిస్తే వెచ్చదనం పోతుంది. సెప్టెంబరు, అక్టోబరు బెంగళూరులో బాగా వానలు పడే నెలలు. అప్పుడు సింథటిక్‌దే మేలు.

సైకిల్‌ని కొలవండి

టేపు తీసుకోండి, నాలుగు కొలతలు రాసుకోండి. సీటు కింద ఉండే రెండు ఇనప పట్టాల నుంచి వెనక టైరు దాకా ఎంతుంది? మీరు సీటు మీద కూర్చుని, ఇంకొకరితో కొలిపించండి. 20 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే పెద్ద సీటు బ్యాగు ఆలోచన మానుకోండి. పొట్టిగా ఉండి చిన్న ఫ్రేము తొక్కేవాళ్లకి ఇదే అసలు ఇబ్బంది. తర్వాత హ్యాండిల్ నుంచి ముందు టైరు దాకా. ముందు సస్పెన్షన్ ఉంటే అది పూర్తిగా కిందికి దిగినప్పుడు ఎంత మిగులుతుందో కొలవాలి, మామూలుగా నిలబెట్టి కొలిస్తే మోసపోతారు. మూడోది హ్యాండిల్ మీద బ్రేకు లీవర్ల మధ్య వెడల్పు. నాలుగోది ఫ్రేము మధ్యలో ఉన్న త్రికోణం. దీనికి టేపు కంటే అట్టముక్క నయం. పాత అట్టపెట్టె ఒకటి విప్పి, ఫ్రేము వెనక ఆనించి పెన్సిల్‌తో గీసి, కత్తిరించి లోపల పెట్టి చూడండి. నీళ్ల సీసాలు పెట్టి కూడా గీయండి. ఆ అట్టని దుకాణానికి వెంట తీసుకెళ్లండి. దొరికే సంచి ఏదీ ఆ ఆకారానికి సరిపోకపోతే, కాలేజీ బ్యాగులు, సూట్‌కేసులు కుట్టే దర్జీకి ఆ అట్ట ఇస్తే చక్కగా కుట్టిస్తాడు. గట్టి నైలాన్ గుడ్డ, పెద్ద పళ్ల జిప్ అడగండి.

ఫ్రేము వెనక చక్రం పక్కన క్యారియర్ బిగించడానికి మరలు పట్టే రంధ్రాలు ఉన్నాయా చూసుకోండి. ఉండి, మీరు వెళ్లేది అంతా తారురోడ్డే అయితే, మామూలు క్యారియర్, దానికి రెండు పక్కలా తగిలించే పెట్టె సంచులు పెట్టుకోండి. తక్కువ ధర, సర్దుకోవడం సులువు, తీసి గదిలోకి తీసుకెళ్లడం ఇంకా సులువు. కాకపోతే క్యారియర్, సంచులు కలిపి రెండు కిలోలు దాటుతాయి, ఇరుకు మట్టిదారిలో పొదలకి తగులుతాయి, గతుకుల్లో మరలు వదులవుతాయి. అందుకే రాళ్లబాట పట్టేవాళ్లు ఫ్రేముకి హత్తుకునే మెత్తటి సంచులు వాడతారు. ఫ్యాషన్ కోసం వాటికి మారనక్కర్లేదు.

ఏ సంచి ఎక్కడ, అందులో ఏముండాలి

సూత్రం ఒక్కటే, బరువైనది కిందికి, మధ్యకి. తేలికగా ఉండి చోటు తినేది చివరలకి.

ఫ్రేము సంచి అన్నిటికంటే ముందు కొనాల్సింది. టూల్స్, ట్యూబులు, పవర్ బ్యాంకు, తిండి, ఎక్కువ నీళ్లు ఇందులో. మూడు లీటర్ల నీళ్లంటే మూడు కిలోలు, అవి ఎక్కడున్నాయో సైకిల్‌కి వెంటనే తెలుస్తుంది. జిప్ పోవడమే ఈ సంచికి వచ్చే జబ్బు. కుక్కి నింపి బలవంతంగా లాగకండి. మట్టిదారి నుంచి వచ్చాక పాత టూత్‌బ్రష్‌తో పళ్ల మధ్య దుమ్ము తోమి, కొవ్వొత్తి ముక్కతో రుద్దండి.

హ్యాండిల్ సంచిలో టెంటు, స్లీపింగ్ బ్యాగు. 3 కిలోలు దాటనివ్వకండి. దాటితే మలుపులో హ్యాండిల్ చేతికి బరువుగా తగులుతుంది. గేరు, బ్రేకు కేబుళ్లు సంచి కింద నొక్కుకుపోకుండా చూసుకోండి. కట్టేశాక హ్యాండిల్‌ని రెండు వైపులా పూర్తిగా తిప్పి, గేర్లన్నీ మార్చి చూడాలి. దీనికి ప్రత్యేకమైన సంచి అక్కర్లేదు. రెండు వైపులా తెరుచుకునే డ్రై బ్యాగు, అంటే మూతి చుట్టి బిగిస్తే నీళ్లు చొరని సంచి, రెండు గట్టి పట్టీలు ఉంటే చాలు. బెంగళూరులో అయితే సర్జాపుర రోడ్డు డెకత్లాన్ లాంటి పెద్ద దుకాణాల్లో ట్రెకింగ్ వాళ్ల కోసం ఇలాంటి డ్రై బ్యాగులు దొరుకుతాయి, సైకిల్ విభాగంలోనే వెతకాల్సిన పని లేదు.

సీటు బ్యాగు గురించి మాత్రం జాగ్రత్తగా వినండి. బట్టలు, స్వెట్టరు, లుంగీ ఇందులోకి. కాస్త బరువున్నవి సీటు కడ్డీకి ఆనుకునేలా లోపలికి, తేలికవి తోక వైపుకి సర్దాలి. నింపేటప్పుడు పిడికిలితో నొక్కి నొక్కి గట్టిగా నింపండి. వదులుగా ఉంటే ప్రతి తొక్కుకీ అటూ ఇటూ ఊగుతుంది. నాకు గౌరిబిదనూరు ఇంకా పది కిలోమీటర్లు ఉందనగా జరిగింది ఇదే. సగం నిండిన సంచి, పట్టీ మెల్లమెల్లగా జారింది. వెనక నుంచి సన్నగా బట్ట ఒరుసుకుంటున్న చప్పుడు వస్తుంటే రోడ్డు గరుకనుకుని తొక్కుతూ పోయాను. టీ కోసం దిగి చూస్తే సంచి అడుగున రూపాయి బిళ్లంత కన్నం. చుట్టూ గుడ్డ కాలినట్టు నల్లగా అయి, అందులోంచి ఊలు స్వెట్టరు దారం బయటికి వచ్చి టైరుకి చుట్టుకుని ఉంది. అది ఇంకొంచెం లాగి ఉంటే చక్రం పట్టేసేది. అప్పట్నుంచి కొత్త చప్పుడు ఏది విన్నా వెంటనే దిగుతాను. మీరూ దిగండి. కొనేటప్పుడు కూడా సంచిని సీటు పట్టాలకి కట్టే బకిళ్లు చేత్తో గట్టిగా లాగి చూడండి. పట్టీ ఒక్క మిల్లీమీటరు జారినా అది వద్దు.

హ్యాండిల్ వెనక పై కడ్డీ మీద కట్టే చిన్న సంచిలో ఫోను, డబ్బులు, చిక్కీ. దాని గురించి ఇంతకంటే ఆలోచించక్కర్లేదు.

పట్టీలు, వెల్‌క్రో ఫ్రేముని తాకే ప్రతి చోటా పాత ట్యూబు ముక్క కత్తిరించి చుట్టండి. దుమ్ము మధ్యలో చేరి రెండు రోజుల్లో పెయింట్ గీరేస్తుంది. సీటు కడ్డీ కార్బన్‌ది అయితే ఇది మరీ ముఖ్యం.

తడవకుండా

వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. గుడ్డ నీటిని ఆపొచ్చు, కుట్టుకి సూది గుచ్చిన ప్రతి రంధ్రమూ నీటికి దారే. లోపలి వైపు తిప్పి చూడండి. కుట్ల మీద టేపు అతికించి ఉంటే సరే, అంచులు వేడితో అతికించినదైతే ఇంకా మంచిది. కొన్న రోజే బాత్రూమ్‌లో పరీక్ష పెట్టండి. లోపల పాత పేపర్ ఉండలు కుక్కి, మూతి కనీసం మూడు మడతలు చుట్టి బిగించి, పది నిమిషాలు షవర్ కింద వదిలేయండి. పేపర్ మీద తడి మచ్చలు ఎక్కడ కనిపిస్తే అక్కడ కారుతున్నట్టు. మార్చుకునే గడువులోపే తెలిసిపోతుంది. పాస్ అయినా సరే, స్లీపింగ్ బ్యాగుని, పొడి బట్టల జతని లోపల ఇంకో ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. చెత్తబుట్టకి వేసే మందపాటి నల్ల కవరు బరువు లెక్కలోకే రాదు.

ఒక పగలు తొక్కి చూడండి

అసలు ప్రయాణానికి వారం ముందు, మొత్తం సామాను కట్టి, నీళ్లు కూడా నింపి, హెసరఘట్ట వైపో మరెక్కడో మట్టిదారి ఉన్న చోట 40 కిలోమీటర్లు తొక్కిరండి. ఖాళీ సంచులతో తొక్కితే ఏమీ తెలియదు. స్పీడ్ బ్రేకర్ల మీద సీటు నుంచి లేవకుండా ఒకసారి వెళ్లండి, టైరు తాకుతుందేమో వినండి. నిలబడి తొక్కండి. మోకాళ్లు ఫ్రేము సంచిని రాసుకుంటున్నాయా? దిగుడులో రెండు బ్రేకులూ వేయండి, బరువున్న సైకిల్ ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. ఆ దూరం ఎంతో ట్రాఫిక్‌లోకి వెళ్లకముందే మీ చేతులకి తెలియాలి.

బయల్దేరిన రోజు మొదటి ఐదు కిలోమీటర్లకే ఆగి పట్టీలన్నీ మళ్లీ బిగించండి. లోపలి సామాను కుదురుకుని సంచులు కాస్త వదులవుతాయి. ఆ తర్వాత ప్రతి టీ దగ్గరా ఒకసారి చేత్తో ఊపి చూస్తే చాలు.

తిరిగొచ్చాక అలసటగా ఉన్నా, స్నానం చేశాక అదే దుప్పటి మీద సామాను మళ్లీ పరచండి. మొదట రాసుకున్న కాగితం తీసి, వాడిన వాటి పక్కన టిక్ పెట్టండి. టూల్స్, మందులు, రెయిన్‌కోటు వదిలేసి, టిక్ పడని మిగతావన్నీ వచ్చేసారి ఇంట్లోనే ఉంచండి. నా కాగితంలో మొదటి ప్రయాణం 9.4 కిలోలు, మూడోది 6.1. ఆ 16 లీటర్ల సీటు బ్యాగుకి కన్నం దగ్గర అతుకు వేయించి, టెంటు సామాను పెట్టి అటక మీద ఉంచాను. ఇప్పుడు సైకిల్‌కి ఉన్నది 9 లీటర్లది.